ఎరా తర్వాత చూద్దాం, ముందు అడ్వెంచర్: స్టార్ వార్స్ ఆర్పీజీ మొదలుపెట్టేవాళ్లకి నా మాట

ఫ్రెండ్స్, ఈ వారం ఫోన్ లేదు, ఇయర్‌బడ్స్ లేవు. చార్జింగ్ అక్కర్లేని ఒక వస్తువు గురించి మాట్లాడుకుందాం. ఒక డబ్బా. అందులో 14 పాచికలు, నాలుగు క్యారెక్టర్ బుక్‌లెట్లు, ఒక మ్యాపు, రెండు పల్చటి పుస్తకాలు. స్టార్ వార్స్ టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్ బిగినర్ సెట్ అన్నమాట.

ఇది అన్‌బాక్సింగ్ కాదు. ఈ డబ్బా నా దగ్గర మూడేళ్లుగా ఉంది. ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మా గ్యాంగ్‌లో ఒకడికి జర్మనీలో మాస్టర్స్ సీటొచ్చింది. వీసా కూడా వచ్చేసింది. వాడు ఫ్లైట్ ఎక్కేలోపు మాకు మిగిలినవి సరిగ్గా నాలుగు ఆదివారాలు. "మామా, ఇన్నాళ్లూ మొదలుపెట్టడమే గానీ ఒక్క గేమ్ కూడా పూర్తి చెయ్యలేదు మనం. వెళ్లేలోపు ఒక్కటైనా అయ్యేలా చూడు" అన్నాడు. నిజమే. మా టేబుల్ మీద రెండు ఆటలు మధ్యలో ఆగిపోయాయి. గేమ్ మాస్టర్‌ని నేనే కాబట్టి రెండూ ఆగింది నా వల్లే.

అందుకని ఈసారి ఏ కాలంలో ఆడాలి, ఏ అడ్వెంచర్ ఆడాలి అని వారం రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. గూగుల్‌లో వెతికితే అందరూ చెప్పేది ఒకటే: "ముందు మీకు నచ్చిన ఎరా ఎంచుకోండి, దానికి సరిపోయే అడ్వెంచర్ తర్వాత వెతుక్కోండి." నేను రెండుసార్లూ సరిగ్గా అదే చేశాను. రెండుసార్లూ బోర్లా పడ్డాను. ఆ వరుస తిరగేయాలనేదే ఈ వ్యాసంలో నా వాదన.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు

టేబుల్‌టాప్ ఆర్పీజీలో ఒకరు గేమ్ మాస్టర్. ఆయన పరిస్థితి చెప్తాడు. మిగతావాళ్లు తమ పాత్రలు ఏం చేస్తాయో చెప్తారు. కచ్చితంగా జరుగుతుందో లేదో తెలియని చోట పాచికలు వేస్తారు. గెలిచేవాడు, ఓడేవాడు అంటూ ఎవరూ ఉండరు. కథ ముందుకెళ్లాలి, అంతే.

స్టార్ వార్స్‌కి ఇలాంటి ఆట మొదటిసారి 1987లో వచ్చింది. వెస్ట్ ఎండ్ గేమ్స్ అనే కంపెనీ చేసింది. మామూలు ఆరు ముఖాల పాచికలతోనే ఆడేవాళ్లు. తర్వాత లైసెన్స్ చేతులు మారింది. 2000లో విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ డీ20 రూల్స్‌తో తెచ్చింది, 2007లో సాగా ఎడిషన్ ఇచ్చింది. ఆ తర్వాత ఫ్యాంటసీ ఫ్లైట్ గేమ్స్ వంతు వచ్చింది. వాళ్లు ఒకే రూల్స్ మీద మూడు లైన్లు వేశారు. స్మగ్లర్లు, బౌంటీ హంటర్ల కోసం ఎడ్జ్ ఆఫ్ ది ఎంపైర్. తిరుగుబాటు సైనికులు, గూఢచారుల కోసం ఏజ్ ఆఫ్ రెబెలియన్. జెడైల కోసం ఫోర్స్ అండ్ డెస్టినీ. మా డబ్బా మొదటి లైన్‌ది.

ఇక ఎరా. స్టార్ వార్స్ క్యాలెండర్‌కి సున్నా సంవత్సరం యావిన్ యుద్ధం. అంటే 1977 నాటి మొదటి సినిమా చివర్లో డెత్ స్టార్ పేలిపోయే రోజు. మనం క్రీస్తు పూర్వం, క్రీస్తు శకం అన్నట్టే వాళ్లకి యావిన్‌కి ముందు, యావిన్ తర్వాత. వేల ఏళ్ల చరిత్ర ఉంది. అందులో ఏ ముక్కలో ఆడదాం అనేదే అసలు గొడవ.

క్లోన్ వార్స్‌లో నేను తిన్న దెబ్బ

రెండేళ్ల కిందట నేను కళ్లు మూసుకుని క్లోన్ వార్స్ ఎంచుకున్నాను. 2008లో మొదలైన ఆ యానిమేషన్ సిరీస్ అంటే నాకు ప్రాణం. ఫ్యాంటసీ ఫ్లైట్ వాళ్లు 2019లో ఆ కాలానికే ప్రత్యేకంగా రైజ్ ఆఫ్ ది సెపరేటిస్ట్స్ అనే పుస్తకం కూడా వేశారు. ఇంకేం కావాలి అనుకున్నాను.

టేబుల్ దగ్గర నలుగురు. జర్మనీ వెళ్లబోయేవాడు ఒకడు. బెంగళూరు నుంచి వీడియో కాల్‌లో కలిసేవాడు ఒకడు. మూడోవాడిని మేం 'వికీ' అంటాం, ఎందుకో మీకు అర్థమయ్యే ఉంటుంది. నాలుగో మనిషి మా పిన్ని కూతురు. తను అప్పటికి ఒక్క స్టార్ వార్స్ సినిమా కూడా పూర్తిగా చూడలేదు. "కథ చెప్పే ఆట అన్నావు కదా అన్నయ్యా, అయితే వస్తా" అని వచ్చింది.

మొదటి సెషన్‌లోనే తేడా కొట్టింది. "ఇప్పుడు నీ మాస్టర్ కౌన్సిల్‌కి ఏం చెప్పమంటాడు?" అని తనని అడిగాను. తను నా వైపు చూసింది, తర్వాత వికీ వైపు చూసింది. జవాబు వికీ చెప్పాడు. రెండో సెషన్లోనూ అంతే. ప్రశ్న తనకి, జవాబు వాడిది.

మూడో సెషన్‌లో ఒక సెనేటర్ లంచం తీసుకుంటున్నాడని మా వాళ్లకి ఆధారం దొరికింది. ఎవరికి చెప్పాలి అని చర్చ. అప్పుడు మా చెల్లి మొదటిసారి తనంతట తాను నోరు విప్పింది. "ప్రభుత్వానికి పెద్ద ఎవరు? ఛాన్సలర్ కదా. నేరుగా ఆయన దగ్గరికే వెళ్లి చెప్పేద్దాం."

మిగతా ముగ్గురూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. ఛాన్సలర్ పాల్పటీనే అసలు విలన్ అని మాకందరికీ తెలుసు కదా మరి. తను ముఖం చిన్నబుచ్చుకుని ఊరుకుంది.

ఇంటికొచ్చాక గానీ నాకు వెలగలేదు. ఆ కాలంలో బతికే మనిషికి పాల్పటీన్ గురించి ఏం తెలుస్తుంది? ఏమీ తెలియదు. ఆయన దగ్గరికే వెళ్తాడు. ఆ టేబుల్ దగ్గర తన పాత్రని నిజంగా ఆడింది తను ఒక్కతే. మేం ముగ్గురం సినిమా చూసొచ్చిన ప్రేక్షకుల్లా కూర్చున్నాం. అదే విషయం తనకి అప్పుడే చెప్పి ఉంటే బాగుండేది. చెప్పలేదు. తర్వాతి వారం "మీరు ఆడుకోండి అన్నయ్యా, నేను పక్కన కూర్చుని చూస్తా" అంది. ఆ పై వారం రాలేదు. ఇంకో రెండు వారాలకి ఆటే ఆగిపోయింది.

ఇంకో సమస్య కూడా ఉంది. క్లోన్ వార్స్ నడిచింది మూడేళ్లే, యావిన్‌కి 22 ఏళ్ల ముందు మొదలై 19 ఏళ్ల ముందు ముగుస్తుంది. చివర్లో ఆర్డర్ 66 వచ్చి జెడైలందరినీ ఊడ్చేస్తుందని తెలిసినవాళ్లకి తెలుసు. వికీ మొదటి రోజు నుంచే తన జెడై ఎక్కడ దాక్కోవాలో ప్లాన్ వేసుకుంటున్నాడు. క్లైమాక్స్ తెలిసిన ఆటలో వాడు జాగ్రత్తపడ్డాడు, తప్పు పట్టలేం. కానీ వాడి పాత్రకి అది తెలిసే అవకాశమే లేదు.

ఎరాల స్పెక్ షీట్

ఒకసారి అన్నీ వరుసగా చూద్దాం.

ఓల్డ్ రిపబ్లిక్: సినిమాలకి దాదాపు 4,000 ఏళ్ల ముందు. 2003లో బయోవేర్ చేసిన నైట్స్ ఆఫ్ ది ఓల్డ్ రిపబ్లిక్ వీడియో గేమ్ ఆడినవాళ్లకి ఇది సొంతూరు లాంటిది. జెడైలు బోలెడుమంది, సిత్‌లు బోలెడుమంది. సినిమా హీరోలు ఎవరూ పుట్టలేదు కాబట్టి చెయ్యి స్వేచ్ఛగా ఆడుతుంది. కొత్తవాళ్లకి మాత్రం ప్రతి పేరూ వివరించాలి.

హై రిపబ్లిక్: సినిమాలకి రెండు వందల ఏళ్ల ముందు. 2021 నుంచి నవలల్లో, కామిక్స్‌లో పెరిగిన కాలం. అవి చదివినవాళ్లు టేబుల్‌లో కనీసం ఇద్దరు లేకపోతే వదిలెయ్యండి.

క్లోన్ వార్స్: పైన చెప్పిన కథే.

చీకటి రోజులు: యావిన్‌కి ముందు 19 ఏళ్ల నుంచి సున్నా దాకా. ఎంపైర్ బలపడుతున్న కాలం. జెడైలు దాక్కున్నారు, తిరుగుబాటు ఇంకా గుసగుసల స్థాయిలోనే ఉంది. ఆండోర్ సిరీస్ మొదలయ్యేది ఇక్కడే, యావిన్‌కి 5 ఏళ్ల ముందు.

తిరుగుబాటు కాలం: సున్నా నుంచి 4 దాకా. లూక్, లెయా, హాన్ సోలోల కాలం. అందరికీ ఎంతో కొంత తెలిసిన ముఖాలు.

న్యూ రిపబ్లిక్: ఎంపైర్ కూలాక. మాండలోరియన్ కథ రిటర్న్ ఆఫ్ ది జెడై తర్వాత 5 ఏళ్లకి జరుగుతుంది.

ఈ లిస్టు చూసి ఎంచుకోవడం అంటే ర్యామ్, మెగాపిక్సెల్స్ చూసి ఫోన్ కొనడం లాంటిదే. చేతిలో పట్టుకున్నాక ఎలా ఉంటుందో కాగితం చెప్పదు. మరి ఏం చూడాలి? నా లెక్కలో చూడాల్సింది ఆ కాలంలో మన కోసం ఖాళీ ఎక్కడ మిగిలి ఉంది అని.

ఖాళీ విలువ మాయాబజార్‌ని అడగండి

భారతం చివరికి ఏమవుతుందో మనలో తెలియనివాళ్లు లేరు. పద్మవ్యూహంలో అభిమన్యుడికి ఏమవుతుందో కూడా తెలుసు. అయినా 1957 నాటి మాయాబజార్ ఇప్పుడు టీవీలో వచ్చినా చూస్తూ కూర్చుంటాం. శశిరేఖకి లక్ష్మణకుమారుడితో పెళ్లి తప్పుతుందా లేదా అని సరదా పడతాం. ఆ శశిరేఖ కథ వ్యాసభారతంలో లేదు. పెద్ద కథలో ఎవరూ రాయని ఖాళీ ఒకటి చూసుకుని, జనం అందులో ఈ పెళ్లి పెట్టారు. ఇంకో తమాషా గమనించారా? ఆ సినిమాలో పాండవులు అసలు తెర మీదకే రారు. వాళ్లు వస్తే ఘటోత్కచుడికి పనేముంటుంది?

స్టార్ వార్స్ కూడా అలాగే పెరిగింది. 1983లో రిటర్న్ ఆఫ్ ది జెడై వచ్చాక సినిమాలు ఆగిపోయాయి. 1987లో వెస్ట్ ఎండ్ వాళ్లు ఆట తయారుచేస్తుంటే తెర మీద ఒక్క క్షణం కనిపించి పోయిన జీవులకి పేర్లు కూడా లేవు. ఆటగాళ్లు ప్రశ్నలడుగుతారు కదా, పేర్లు కావాలి, గ్రహాలు కావాలి, ఓడల వివరాలు కావాలి. వాళ్లే రాసుకుంటూ పోయారు. తర్వాత టిమొతీ జాన్ అనే రచయిత 1991లో వచ్చిన హెయిర్ టు ది ఎంపైర్ నవల రాస్తున్నప్పుడు రిఫరెన్స్ కోసం ఆయనకి పంపింది ఈ ఆట పుస్తకాలనే. టేబుల్ మీద పాచికల కోసం నింపిన ఖాళీలు అలా నవలల్లోకి ఎక్కాయి.

2016 నాటి రోగ్ వన్ ఎక్కడి నుంచి వచ్చింది? మొదటి సినిమా ప్రారంభంలో పైకి పాకే అక్షరాల్లో, గూఢచారులు డెత్ స్టార్ ప్లాన్లు దొంగిలించారని ఒక వాక్యం ఉంటుంది. ఆ వాక్యం వెనక ఉన్న ఖాళీయే ఆ సినిమా. ఆ సినిమాలోని ఒక మనిషి గతంలో ఉన్న ఖాళీ ఆండోర్ సిరీస్.

కాబట్టి నా కొలత ఇది. పెద్ద కథ ఎటు పోతోందో టేబుల్‌లో అందరికీ లీలగా తెలిసి ఉండాలి. మన పాత్రలున్న ఊళ్లో ఈరోజు ఏం జరుగుతుందో మాత్రం వికీకి కూడా తెలిసి ఉండకూడదు. లూక్, వేడర్ లాంటివాళ్లు పాండవుల్లా తెర వెనకే ఉండాలి. ఈ కొలతకి చాలా ఎరాలు నిలబడతాయి. అందుకే ఎరా దగ్గర కొట్టుకోవడం అనవసరం అంటున్నాను. ఆట నిలబడేదీ పడేదీ అడ్వెంచర్ దగ్గర.

ముందు క్రియాపదం అడగండి

ఈసారి వాట్సాప్ గ్రూప్‌లో "ఏ ఎరా కావాలి?" అని అడగలేదు. "ఆదివారం మూడు గంటలు కూర్చుంటే ఏం చెయ్యాలని ఉంది? దొంగతనమా, యుద్ధమా, వెతుకులాటా, పారిపోవడమా?" అని అడిగాను. జర్మనీ వాడు "ఏదో ఒకటి కొట్టేద్దాం" అన్నాడు. బెంగళూరు వాడు "ఏదైనా ఓకే, పదింటికి వదిలెయ్యండి చాలు" అన్నాడు. వికీ ఊహించినట్టే "జెడై" అన్నాడు, అది క్రియాపదం కాదురా అన్నాను.

మా చెల్లిని మళ్లీ గ్రూప్‌లో చేర్చడానికే నాకు రెండు రోజులు పట్టింది. ఫోన్ చేసి, ఆ రోజు నువ్వు చెప్పిందే కరెక్ట్ అని ఆలస్యంగానైనా చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత గ్రూప్‌లో ఒక మెసేజ్ పెట్టింది: "పారిపోవడం. దానికి ఏమీ తెలియక్కర్లేదు కదా."

ఆ మాటతో సగం పని అయిపోయింది. ఇక నా ముందున్న ఆప్షన్లు ఇవి.

డాన్ ఆఫ్ డిఫయన్స్: సాగా ఎడిషన్ కోసం విజార్డ్స్ వాళ్లు నెట్‌లో ఉచితంగా ఇచ్చిన కాంపెయిన్. చీకటి రోజుల్లో జరుగుతుంది. పాత్రలు లెవెల్ 1 నుంచి 20 దాకా ఎదుగుతాయి. కానీ మొత్తం 10 భాగాలు. ఏడాది టైం ఉన్నవాళ్లకి బంగారం, నాలుగు ఆదివారాలున్న మాకు కాదు.

ది జువెల్ ఆఫ్ యావిన్: 2014 నాటి ఎడ్జ్ ఆఫ్ ది ఎంపైర్ అడ్వెంచర్. బెస్పిన్ గ్రహం మీద క్లౌడ్ సిటీలో ఒక అరుదైన రత్నాన్ని కొట్టెయ్యాలి. వేలంపాట కూడా ఉంటుంది. జర్మనీ వాడికి సరిగ్గా కావలసింది ఇదే. కానీ దొంగతనం కథలో సగం ఆట ప్లానింగ్. అలవాటు లేని నలుగురు ప్లాన్ వేస్తే రెండు ఆదివారాలు చర్చల్లోనే పోతాయి. ఆ చర్చలో గొంతు ఎవరిది పైకి లేస్తుందో నాకు తెలుసు.

టేకోవర్ ఎట్ విస్పర్ బేస్: ఏజ్ ఆఫ్ రెబెలియన్ బిగినర్ సెట్‌లో ఉండే అడ్వెంచర్. ఎంపైర్ స్థావరం ఒకటి చేజిక్కించుకోవాలి. బాగుంటుంది. కానీ సైనికులకి పని పైనుంచి వస్తుంది. మా చెల్లి ఇప్పటికే ఒకసారి వేరేవాళ్ల ఆర్డర్ల కోసం చూస్తూ కూర్చుంది.

ఎస్కేప్ ఫ్రమ్ మోస్ షూటా: మా డబ్బాలోనే ఉన్నది. టాటూయిన్ ఎడారి గ్రహం మీద ఒక చిన్న ఊరు. టీమో అనే హట్ ఆ ఊరి దాదా. అతని చేతుల్లోంచి తప్పించుకుని నలుగురూ ఒక ఓడ కొట్టేసి గ్రహం దాటెయ్యాలి. కథ మొత్తం ఇంతే. తరుముకొస్తున్న మనుషులు, ఒక కాంటీనా, దాక్కునే చోటు, అక్కడి నుంచి ఆట మొదలు. రూల్స్ కూడా ఒక్కో సీన్‌కి ఒక్కోటి చొప్పున నేర్పుతుంది, ముందే పుస్తకం చదవక్కర్లేదు. అయిపోతే ది లాంగ్ ఆర్మ్ ఆఫ్ ది హట్ అని దీనికి కొనసాగింపు ఉంది, దాన్ని ఉచిత పీడీఎఫ్‌గా ఇచ్చారు. మోస్ షూటాకి ఒక ఆదివారం, కొనసాగింపుకి మూడు. లెక్క సరిపోయింది.

ఈ లైన్‌లో నాకు నచ్చే ఇంకో సంగతి. మూడు రూల్‌బుక్కుల్లో ఒక్కోదానికి ఒక్కో బరువు ఉంటుంది. తిరుగుబాటు సైనికుడికి కర్తవ్యం, జెడైకి నైతికత, ఎడ్జ్ ఆఫ్ ది ఎంపైర్ పాత్రకి బాకీ. ఎవరికో డబ్బో, మాటో, ప్రాణమో బాకీ పడి ఉంటాడు. ఫోర్స్ అంటే ఏంటో వివరించడానికి అరగంట పడుతుంది. అప్పు అంటే ఏంటో వివరించాల్సిన అవసరం ఈ దేశంలో ఎవరికీ లేదు.

ఎరా ఒక్క ప్రశ్నతో తేలిపోయింది

అడ్వెంచర్ కుదిరాక ఎరా కోసం ఒకే ప్రశ్న అడిగాను, అదీ అందరికంటే తక్కువ తెలిసిన మనిషినే: "ఎంపైర్ అప్పుడే బలపడుతూ ఉండాలా, కూలిపోతూ ఉండాలా?"

"బలపడుతూనే. కూలిపోతుంటే పారిపోవడం ఎందుకు, ఆగితే సరిపోతుంది కదా" అంది.

పుస్తకం ప్రకారం ఈ అడ్వెంచర్ యావిన్ యుద్ధం తర్వాత జరుగుతుంది. నేను దాన్ని 5 ఏళ్లు వెనక్కి జరిపాను. చాలా పెద్ద పని అనుకోకండి. ఊరి దాదా అప్పుడూ దాదాయే, స్టార్మ్‌ట్రూపర్లు అప్పుడూ ఉన్నారు. డెత్ స్టార్ పేలింది అనే వార్త ఒక్కటి తీసేస్తే చాలు. అడ్వెంచర్ బలంగా ఉంటే ఎరా ఫోన్ కవర్ లాంటిది, పది నిమిషాల్లో మార్చుకోవచ్చు. ఎరా ముందు బిగించుకుని దానికి సరిపడే అడ్వెంచర్ వెతకాలంటే నెలలు పడుతుంది. నాకు పట్టింది.

వికీ సంగతి కూడా తేల్చాలి కదా. డబ్బాలో నాలుగు పాత్రలు: పాష్ అనే స్మగ్లర్, ఓస్కారా అనే బౌంటీ హంటర్, లోరిక్ అనే వూకీ, 41-వెక్స్ అనే డ్రాయిడ్. వికీకి డ్రాయిడ్ ఇచ్చి ఒక షరతు పెట్టాను. "నీకు తెలిసిందంతా నీ డేటాబ్యాంక్‌లో ఉంది. కానీ బయటికి రావాలంటే పాచిక వెయ్యాలి. పడకపోతే ఆ ఫైల్ కరప్ట్ అయిపోయినట్టు." వాడికి ఇది తెగ నచ్చేసింది. బెంగళూరు వాడి వైఫై గురించి ఎంత తక్కువ చెప్తే అంత మంచిది, వాడికి వూకీ సరిగ్గా సరిపోయాడు. వాడి మాటలు ఎలాగూ గుర్రుమనే శబ్దంలాగే వినిపిస్తాయి.

మొదటి ఆదివారం

ఇక్కడ మోస్ షూటా కథలోని కొన్ని ముక్కలు చెప్తున్నా. ఆడబోయేవాళ్లు ఈ భాగం దాటెయ్యొచ్చు.

ఓడ కదలాలంటే అందులో లేని ఒక విడిభాగం కావాలి. అది ఊళ్లో తుక్కు సామాన్ల కొట్లో దొరుకుతుంది. జర్మనీ వాడు తుపాకీ తీద్దాం అన్నాడు. మా చెల్లి "ఆగు" అంది. తను ఓస్కారా. కొట్టువాడితో మాట్లాడటం మొదలుపెట్టింది. అబిడ్స్ జగదీష్ మార్కెట్‌లో ఫోన్ డిస్‌ప్లే బేరం చేసినవాళ్లకి ఆ సీన్ కళ్లకు కడుతుంది. ముందు అక్కర్లేని వస్తువు రేటు అడిగింది. దాన్ని పక్కన పెట్టింది. తర్వాత మాకు కావలసినదాన్ని వేలితో తోసి, "ఇది పనిచేస్తుందా అసలు?" అంది. చివర్లో తను టీమో మనిషినని ఒక అబద్ధం.

పాచికలు వేయించాను. ఈ ఆట పాచికల మీద అంకెలుండవు, గుర్తులుంటాయి. పని జరిగిందా లేదా అనేది ఒక లెక్క. దాంతోపాటు మంచి జరిగిందా, చెడు జరిగిందా అనేది ఇంకో లెక్క. తనకి పని జరిగింది, కానీ పక్కనే రెండు చెడు గుర్తులు పడ్డాయి. అంటే విడిభాగం చేతికొచ్చింది, కానీ కొట్టువాడు టీమోకి కబురు పంపాడు. మామూలు పాచికలైతే "దొరికింది" దగ్గర ఆగిపోయేది. ఇక్కడ దొరికింది, వెంటనే మెడకి చుట్టుకుంది. అన్నట్టు ఈ స్పెషల్ పాచికలు లేనివాళ్లు దిగులు పడక్కర్లేదు. మామూలు ఆరు, ఎనిమిది, పన్నెండు ముఖాల పాచికలతో ఆడుకోవడానికి రూల్‌బుక్‌లోనే పట్టిక ఉంది.

నేను చెప్పాలనుకున్న క్షణం దీని తర్వాత వచ్చింది. వెనక మనుషులు తరుముతున్నారు, ఓడల రేవు ముందు స్టార్మ్‌ట్రూపర్లు. మా చెల్లి అంది: "ఈ తెల్ల కవచాల వాళ్లకి టీమో అంటే పడకపోవచ్చు. టీమో మనుషులే మమ్మల్ని చంపబోతున్నారని నేరుగా వెళ్లి వీళ్లకే చెప్పేద్దాం."

గది నిశ్శబ్దం అయిపోయింది. ఇది అచ్చం ఛాన్సలర్ దగ్గరికి వెళ్దాం అన్న మాటే. వికీ పెదాలు కదులుతున్నాయి. స్టార్మ్‌ట్రూపర్ల గురించి వాడికి ఇరవై సంగతులు తెలుసు. నేను పాచికల వైపు చూపించాను. వేశాడు. పడలేదు. "క్షమించండి, ఆ ఫైల్ తెరుచుకోవడం లేదు" అన్నాడు డ్రాయిడ్ గొంతుతో.

అప్పుడు అందరూ నా వైపు చూశారు. నిజం చెప్తున్నా, నాకూ తెలియదు. ఈ ఊరి ట్రూపర్లకి టీమోతో లాలూచీ ఉందా, విరోధం ఉందా అనేది ఏ సినిమాలోనూ లేదు. అక్కడికక్కడ తేల్చుకోవాలి. పాచికలు వేసింది, గెలిచింది. ట్రూపర్లు టీమో మనుషుల మీదకి తిరిగారు, ఆ సందులో నలుగురూ రేవులోకి దూరిపోయారు. వికీ కుర్చీలోంచి లేచి "అక్కా, ఏం బుర్ర!" అన్నాడు. తనకంటే రెండేళ్లు పెద్దవాడు, అయినా అక్కా అన్నాడు.

ఎదుటివాళ్ల వాదన

"నాకు ఓల్డ్ రిపబ్లిక్ అంటేనే ఇష్టం, ఆ ఇష్టం లేకుండా గేమ్ మాస్టర్‌గా ఎలా కూర్చుంటాను?" అని అడిగేవాళ్లు ఉంటారు. న్యాయమైన ప్రశ్న. గేమ్ మాస్టర్‌కి విసుగొస్తే ఆట రెండు వారాల్లో చస్తుంది, అదీ నాకు అనుభవమే. టేబుల్‌లో అందరూ ఆ వీడియో గేమ్ పూర్తిచేసినవాళ్లే అయితే 4,000 ఏళ్లు వెనక్కి వెళ్లండి, నేను అడ్డు చెప్పను. సాగా ఎడిషన్‌లో 2008లో ఆ కాలానికి మంచి గైడ్ వచ్చింది, ఇప్పుడు పాత కాపీలే దిక్కు. అందరూ అన్న మాటే ఇక్కడ ముఖ్యం. నలుగురిలో ముగ్గురు అంటే నాలుగో మనిషి పక్కన కూర్చుని చూస్తుంది.

అసలు టేబుల్‌లో ఎవరికీ స్టార్ వార్స్ తెలియకపోతే? అప్పుడు నా సలహా ట్రావెలర్. 1977లో మార్క్ మిల్లర్ రాసిన ఆట, ఇప్పుడు మాంగూస్ పబ్లిషింగ్ వాళ్లు నడుపుతున్నారు. పాత ఓడ, దాని మీద అప్పు, గ్రహాల మధ్య సరుకుల వ్యాపారం. సినిమా లేదు కాబట్టి ముందే చూసి వచ్చినవాడు ఉండడు. పాత ఎడిషన్‌లో పాత్రని తయారుచేస్తుండగానే ఆ పాత్ర చచ్చిపోయే రూల్ ఉండేది, ఆట మొదలవ్వకముందే. ఇంకో లాభం, ట్రావెలర్ పుస్తకాలు అధికారికంగానే పీడీఎఫ్‌లో దొరుకుతాయి. మనలా ట్యాబ్‌లో చదివేవాళ్లకి అది చిన్న విషయం కాదు.

వెర్డిక్ట్

మీరు ఈ వారాంతం మొదలుపెట్టాలనుకుంటే వరుస ఇలా పెట్టుకోండి. ఎన్ని సెషన్లు ఉన్నాయో ముందు లెక్కపెట్టండి. ప్రతి ఒక్కరినీ ఏం చెయ్యాలని ఉందో అడగండి. ఆ పనికి, ఆ టైంకి సరిపోయే అడ్వెంచర్ ఒకటి పట్టుకోండి. ఎరా చివర్లో, అదీ అందరికంటే తక్కువ తెలిసిన మనిషి చేత ఎంచుకోబెట్టండి. అందరికంటే ఎక్కువ తెలిసినవాడి చేతికి డ్రాయిడ్‌ని ఇవ్వండి.

మాకింకా మూడు ఆదివారాలున్నాయి. ఆ తర్వాత కూడా ఆన్‌లైన్‌లో ఆడదాం అని జర్మనీ వాడు అంటున్నాడు. వేసవిలో మూడున్నర గంటల తేడా, చలికాలంలో నాలుగున్నర, మ్యాప్ స్క్రీన్ షేర్ చేస్తే సరిపోతుంది అని లెక్కలేస్తున్నాడు. చూడాలి. నిన్న రాత్రి మా చెల్లి గ్రూప్‌లో ఒకే ఒక ప్రశ్న పెట్టింది: "ఆ కొట్టువాడు టీమోకి కబురు పంపాడు కదా, దాని సంగతి ఏమైంది?" వికీ టైప్ చేస్తున్నట్టు చుక్కలు కనిపించాయి, తర్వాత ఆగిపోయాయి. వాడికీ తెలియదు.